తాళాలు చూసి ఊరు లేదని రాశాను

మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆ మధ్య మా ఇంటికి వచ్చి, "మేడం, ప్లానర్ అంటే అసలు ఏం చేయాలి?" అని అడిగింది. ముప్పై ఏళ్లకు పైగా అదే పని చేసి రిటైరైన మనిషిని, తడుముకోకుండా చెప్పాలి కదా. టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లి ఆలోచించాను. టీ రెండుసార్లు పొంగింది కానీ జవాబు తోచలేదు. ఆ అమ్మాయి బిస్కెట్లు తిని, వాళ్ల పెద్దసారు మీద నాలుగు చాడీలు చెప్పి, తేలికపడి వెళ్లిపోయింది. ఈ కాగితాలు ఆమె కోసం రాస్తున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, అవార్డు అందుకున్న ఫోటో, ఇవేవీ ఇందులో ఉండవు. అవన్నీ సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, దాన్ని చదివిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం వివరంగా చెప్తాను. అది నాకు పుస్తకాలకన్నా ఎక్కువే నేర్పింది.

రంగులు వేసే ఉద్యోగం

మా పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, పెద్ద కాగితం మీద ఊళ్లకు రంగులు వేయడం. ఇళ్లకు పసుపు, పరిశ్రమలకు ఊదా, పొలాలకు ఆకుపచ్చ, చెరువులకు నీలం. చిన్నపిల్లల పనిలాగే ఉంటుంది. కాకపోతే మనం ఊదా వేసిన చోట రేపు ఎవరైనా ఇల్లు కట్టుకుంటామంటే అనుమతి రాదు. కొత్త రోడ్డు రాదు, బడికి గది రాదు. ఏదో ఒకనాడు కొలతల టేపు పట్టుకుని వచ్చి, ఇక్కడినుంచి లేవండి అంటారు. రంగు పెన్సిలు మన చేతిలో ఉంటుంది, లేవాల్సింది వాళ్లు.

నా సర్వీసులో ఎక్కువ భాగం పటాన్‌చెరు, జిన్నారం, సంగారెడ్డి చుట్టూనే గడిచింది. కళ్లు మూసుకుని జీపులో కూర్చున్నా ఏ పారిశ్రామికవాడ దాటుతున్నామో ముక్కు చెప్పేది. ఒక చోట కుళ్లిన గుడ్డు వాసన, ఇంకో చోట మందుబిళ్లల వాసన, సంగారెడ్డి పక్కన కొండాపూర్ వైపు తిరిగితే తడిసిన మట్టి వాసన. రిపోర్టులో మాత్రం అన్నిచోట్లా 'సుస్థిర సామాజిక అభివృద్ధి' అని రాసేవాళ్లం. కూరలో ఉప్పు పడాల్సిందే అన్నట్టు ప్రతి పేజీలో ఆ మాట పడాల్సిందే. దాని అర్థం ఎవరైనా నిలదీసి అడిగి ఉంటే నాకు చెమటలు పట్టేవి.

అప్పట్లో నా పై అధికారి రంగనాథరావు గారు. చెడ్డమనిషి కాదు. తన పెన్సిళ్లు తానే చెక్కుకునేవాడు, మా పెన్సిళ్లు కూడా చెక్కిపెట్టేవాడు. కానీ ఫీల్డు అంటే ఆయనకు తుమ్ములు. మాకు ఒక నియమం పెట్టాడు. పదకొండింటికి ఊళ్లో ఉండాలి, మూడింటికి రిపోర్టు ఆయన బల్లమీద ఉండాలి. నేను కొన్నేళ్లపాటు ఆ నియమం తు.చ. తప్పకుండా పాటించాను. పదకొండింటికి ఏ ఊరికి వెళ్లినా ముసలివాళ్లు, కోళ్లు కనిపిస్తారు. పనిచేసే జనం ఆ వేళకు పనిలో ఉంటారు కదా అన్న ఇంగితం నాకు చాలా ఆలస్యంగా కలిగింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది ఏ శిక్షణలోనూ చెప్పరు. మగవాళ్లకు ఫీల్డు అంటే ఎండా దుమ్మూ. ఆడవాళ్లకు వాటితోపాటు బాత్రూం. ఊళ్లోకి వెళ్లగానే నేను మొదట వెతికేది సర్పంచును కాదు, మంచి మనసున్న ఇల్లాలిని. ఈ కథలో ఆ విషయానికి పాత్ర ఉంది కాబట్టి సిగ్గు విడిచి చెప్తున్నాను.

నల్లబండగూడ

సంగారెడ్డి కొత్తగా జిల్లా అయిన రోజులవి. ఈ ప్రాంతానికంతటికీ ప్రణాళిక తయారు చేయమన్నారు. జిన్నారం వైపు ఒక మదిర ఉండేది. మదిర అంటే పెద్ద ఊరికి అనుబంధంగా ఉండే చిన్న ఊరు. దాని పేరు నల్లబండగూడ అనుకోండి, అసలు పేరు ఇక్కడ అనవసరం. అరవై ఇళ్లుంటాయి. ఒకప్పుడు అందరూ వ్యవసాయ కూలీలు. ఇప్పుడు సగంమంది మందుల కంపెనీల్లో, రసాయనాల కంపెనీల్లో కాంట్రాక్టు పనివాళ్లు. లెక్కలన్నీ పెద్ద ఊరి పేరుమీదే ఉండేవి కాబట్టి, ఈ మదిరలో ఎవరున్నారో వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

వెళ్లి చూశాను. ఆషాఢం నడుస్తోంది. వానలు ముఖం చాటేసి నేల పగుళ్లు విచ్చింది. డ్రైవర్ మల్లేశ్ జీపును ఊరి మొదట్లో ఆపాడు. అతను పట్నంలో, లాలాగూడలో పుట్టి పెరిగినవాడు, పల్లె సంగతులు నాకెంత తెలుసో అతనికీ అంతే. ఇద్దరం ఊరంతా తిరిగాం. మొదటి ఇంటికి తాళం. రెండో ఇంటికి తాళం. చివరి ఇంటిదాకా తాళాలే. కోడి లేదు, మేక లేదు, అరుగుమీద ముసలమ్మ లేదు. ఒక్క కుక్క మాత్రం మా వెంట తిరిగి, మాతో ఏం లాభం లేదని వెనక్కి పోయింది. నేను బాత్రూం కోసం ఒక్కో తలుపూ చూసుకుంటూ వెళ్తున్నాను, ఒక్కో తాళానికీ నా చిరాకు పెరుగుతోంది.

"అందరు కంపెనీల పక్కకు పోయి కిరాయికి ఉంటున్నట్టున్నరు మేడం," అన్నాడు మల్లేశ్.

నాకూ అదే సబబుగా తోచింది. జీపులో కూర్చుని ఫారం నింపాను. 'ఇళ్లు సుమారు అరవై. అన్నీ తాళం వేసి ఉన్నవి. నివాసం లేదు. జనం వలస వెళ్లినట్లు కనిపిస్తున్నది.' కింద సంతకం పెట్టాను. మొత్తం పని అరగంటలో పూర్తయింది.

తిరుగు దారిలో కిలోమీటరు దూరంలో ఒక మామిడితోపు. చెట్లకింద పొయ్యిలు, పొగ, బోలెడంత జనం. మగవాళ్లలో చాలామంది జేబుమీద కంపెనీ పేరున్న బూడిదరంగు చొక్కాలు వేసుకున్నారు. ఏదో ఫ్యాక్టరీవాళ్లు పిక్నిక్ పెట్టుకున్నారనుకున్నాను. నా అవసరం నాది, జీపు ఆపించాను. ఎర్రచీర కట్టిన ఒకామె నా ముఖం చూసి ఏమీ అడక్కుండానే అర్థం చేసుకుంది. ఇంకొకామెను పిలిచి, ఇద్దరూ కలిసి తుప్పల వెనక చీరలు అడ్డం పట్టి నిలబడ్డారు. నా సర్వీసులో నాకు దక్కిన గొప్ప మర్యాదల్లో అదొకటి, నిజంగానే అంటున్నాను.

తర్వాత వెళ్లనివ్వలేదు. విస్తరి వేసి కూర్చోబెట్టారు. బగారన్నం, కోడికూర. ఒక ముసలామె నా ముందు చతికిలబడి, "ఎటుపోయి వస్తున్నరు బిడ్డా?" అని అడిగింది.

"నల్లబండగూడకు పోయి వస్తున్న అమ్మా. అక్కడ ఎవ్వరూ లేరు," అన్నాను.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. "ఎవరుంటరు మేడం? ఇయ్యాల ఎవ్వరు ఉండొద్దు గద," అన్నది ఎర్రచీర ఆమె.

ఎందుకు ఉండొద్దు అని నేను అడగాల్సింది. చేతిలో కోడికాలు ఉంది, గడియారంలో ఒంటిగంటన్నర అయింది, మూడింటికి రిపోర్టు బల్లమీద ఉండాలి. అడగలేదు. చేతులు కడుక్కుని, దండం పెట్టి, జీపెక్కాను. మూడింటికి పది నిమిషాల ముందే రిపోర్టు ఇచ్చాను. రంగనాథరావు గారు మెచ్చుకున్నారు.

నెల తిరక్కుండా నల్లబండగూడ మీద ఊదారంగు పడింది. పక్కనే ఉన్న పారిశ్రామికవాడను పెంచడానికి ఆ జాగా చక్కగా సరిపోయింది. మ్యాపును గోడకు తగిలించి, అభ్యంతరాలుంటే చెప్పమని పత్రికల్లో ప్రకటన ఇచ్చాం. ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. ఎవరికీ అభ్యంతరం లేదని మేం సంతోషించాం.

యాదమ్మ వచ్చింది

మరుసటి ఏడు వానలు దంచికొట్టాయి. అవి తగ్గాక ఒకరోజు ఆఫీసుకు ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నేరుగా డ్యూటీ దిగి వచ్చినట్టుంది, నుదుటి మీద ప్లాస్టిక్ టోపీ ఒత్తుకున్న గీత ఇంకా పోలేదు. పేరు యాదమ్మ, మందుల కంపెనీలో ప్యాకింగ్ పని.

"నల్లబండగూడల ఎవ్వరు లేరని రాసింది ఎవరు మేడం?" అని అడిగింది.

"ఫైలు చూడాలమ్మా," అన్నాను. చూడాల్సిన పని లేదు, నాకు గుర్తుంది. అయినా ప్రభుత్వోద్యోగి నోటికి ముందుగా వచ్చే మాట అదే.

ఆమె కుర్చీలో కూర్చుంది. తన బాధ చెప్పుకుంది. వానలకు ఇంటి వెనక గోడ కూలింది. సర్కారు ఇల్లు మంజూరైంది. పునాది తీద్దామంటే పంచాయతీ కార్యదర్శి ఒప్పుకోవడం లేదు, ఈ జాగా పరిశ్రమల కింద పోయింది, ఇక్కడ ఇల్లు కుదరదు అంటున్నాడు.

"గోడ లేని దిక్కు కవరు కట్టుకొని ఉంటున్నం. మా అత్తకు కండ్లు సక్కగ కనబడయ్. గాలికి కవరు కొట్టుకుంటే ఎవరో వచ్చిన్రని లేసి కూసుంటది. ఇల్లు వచ్చింది గని కట్టనిస్తలేరు. రేపు మమ్ములందర్ని లెవ్వుమంటే ఏడికి పోవాలె మేడం?"

నేను తల దించుకుని ఫైలు తిరగేస్తున్నట్టు నటిస్తున్నాను. ఆమె నన్ను పరకాయించి చూస్తోంది.

"నీ మొకం నాకు ఎరికే," అన్నది ఉన్నట్టుండి. "నువ్వు పోయినేడు మామిడితోపుల అన్నం తిన్నవు గద. నీకు చీర అడ్డం పట్టింది నేనే."

ఆ క్షణంలో నాకు నేలమీద ఎక్కడైనా చిన్న కంత ఉంటే బాగుండుననిపించింది. ఆమె మాత్రం చుట్టం కనిపించినట్టు నవ్వింది. అప్పుడు అడిగాను, ఏడాది కిందట అడగాల్సిన ప్రశ్న. ఆ రోజు ఊళ్లో ఎవరూ ఎందుకు లేరని.

"వానలు పడకుంటే వనవాసం పోతం మేడం. పొద్దుగాలనే ఇండ్లన్ని అలికి, తాళాలేసి, కోళ్లు మేకలతోని సహా ఊరు దాటిపోతం. దినమంత చెట్లకింద వండుకొని తిని, పొద్దు మునిగినంక పోచమ్మ తల్లి ముంగట కల్లు సాక పోసి మళ్ల ఊర్లకు వస్తం. నడుమ ఒక్క మనిషి గూడ ఊర్ల అడుగుపెట్టొద్దు." నా వైపు వేలు చూపించింది. "నువ్వు పెట్టినవు. గందుకే ఆ యేడు వాన పడలేదని మా అత్త అంటది."

అంటే నేను వాళ్ల నోము చెడగొట్టి, వాళ్ల కూడు తిని, వాళ్లు లేరని రాసి వచ్చానన్నమాట. ఏడాదికి మూడువందల అరవై నాలుగు రోజులు మనుషులుండే ఊరికి, లేని ఆ ఒక్కరోజునే వెతుక్కుని వెళ్లాను. నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. మరో మూడు వారాల్లో కమిటీ కూర్చుని ప్రణాళికను ఖాయం చేస్తుంది. ఆ తర్వాత రంగు మార్చడం బ్రహ్మతరం కాదు.

సలీం భాయ్ మంచితనం, నా పిరికితనం

రంగనాథరావు గారి దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఒక పెన్సిలు పూర్తిగా చెక్కి, దాని మొన చూసుకున్నాడు.

"సుజాతమ్మా, సర్వే తప్పని ఒప్పుకుంటే మిగతా సర్వేలన్నీ తవ్వుతారు. మొత్తం ప్రణాళిక కూర్చుంటుంది. ట్రేసింగులో పొరపాటని రాద్దాం. పక్క సర్వే నంబరుకు వేయాల్సిన రంగు దీనికి పడిందని. చిన్న సవరణ, చప్పుడు లేకుండా పోతుంది," అన్నాడు.

ట్రేసింగ్ చేసేది సలీం భాయ్. మ్యాపుల మీద గీతలు గీయడంలో ఆయన చేయి మా ఆఫీసులోనే గొప్పది. ముప్పై ఏళ్లలో ఒక్క గీత వంకర పోలేదు. ఆయన్ను పిలిచి చెప్తే నా వైపు ఒకసారి చూశాడు.

"రాసేయండి సార్. రెండు నెలల్ల రిటైరైత. నాకేం పరేషాన్ లేదు. ఆడబిడ్డ, మేడమ్‌కు ఇంకా సర్వీసు ఉంది," అన్నాడు.

నేను అప్పుడే, లేదు సార్, తప్పు నాది, అనాల్సింది. అనలేదు. ట్రేసింగులో పొరపాటన్న నోట్ మీద సంతకం పెట్టాను. చదివేవాళ్లు నన్ను మంచిదాన్ని అనుకునే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. సలీం భాయ్ ఆ సాయంత్రం ఎప్పటిలాగే నాకు ఇరానీ చాయ్ తెప్పించాడు. తాగాను, సయించలేదు.

కమిటీ ఆ నోట్ చూసి, సరే, వచ్చే మంగళవారం పదకొండింటికి వచ్చి స్వయంగా చూస్తాం అన్నది. మళ్లీ పదకొండే. పనిదినం. సగం ఊరు డ్యూటీలో, మిగతా సగం పొలాల్లో ఉంటుంది. కమిటీకి మళ్లీ తాళాలే కనిపిస్తాయి.

పోచమ్మ సెలవు

ఆదివారం పెట్టమని అడిగితే కమిటీ ఒప్పుకోలేదు. యాదమ్మకు ఫోన్ చేసి, ఆ రోజు అందరూ ఇళ్లలో ఉండేలా చూడమన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"ఎట్ల ఉంటరు మేడం? కాంట్రాక్టోళ్లం. చెప్పకుండ ఒక్కరోజు మానుకుంటే కాంట్రాక్టరు గేటు పాసు గుంజుకుంటడు. ఆఫీసర్లు వస్తున్నరు, మేం ఉన్నమో లేమో సూస్తరట, సుట్టీ ఇయ్యి అంటే నవ్వుతడు."

ఆమె మాటలో న్యాయముంది. నేను తప్పు చేశాను, రోజు కోల్పోవాల్సింది వాళ్లు. ఆమె కోపం కాస్త దిగింది. తర్వాత నెమ్మదిగా అన్నది.

"ఆఫీసరుకైతే సుట్టీ ఇయ్యడు గని, పోచమ్మకైతే ఇస్తడు. కాంట్రాక్టరు గూడ ఆమెకు భయపడతడు."

ఆ రాత్రే ఊరి పెద్దలు కూర్చున్నారట. మంగళవారం పోచమ్మకు బోనం, ఊరు కట్టడి, ఒక్కరు కూడా పొలిమేర దాటొద్దని డప్పు చాటించారు. వనవాసంలో ఊరు విడిచి పోవాలి, కట్టడిలో ఊరు కదలొద్దు. ఆఫీసర్ల కోసం ఉత్తుత్తి బోనం ఏందని కొందరు గొణిగితే, యాదమ్మ అత్త బాలమ్మ తేల్చేసిందట. "తల్లితోని ఉత్తుత్తి ఏముంటది? చేస్తే నిజంగనే చేద్దం. ఊరు నిలబెట్టమని మొక్కుదం. గంతకన్న పెద్ద మొక్కు ఏముంది?"

మూడు కంపెనీల కాంట్రాక్టర్లూ సెలవిచ్చారు. ఒకడైతే తన పేరు మీద కూడా కల్లుసాక పోయమన్నాడట.

తనిఖీ రోజు

మంగళవారం పదకొండింటికి రెండు కార్లు, మా జీపు నల్లబండగూడ చేరాయి. హైదరాబాదు నుంచి వచ్చిన కమిటీ చైర్మన్ ముందు దిగాడు, వెనక రంగనాథరావు గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ వెనక నేను, మ్యాపుల చుట్ట పట్టుకుని సలీం భాయ్.

ఊరు ఊరంతా వీధిలో ఉంది. తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. గడపలకు పసుపు, గుమ్మాలకు వేపాకు. ఆడవాళ్లు బోనాలెత్తుకుని వరుస కట్టారు. డప్పు మోగుతోంది, మేకపిల్ల ఒకటి మా కాళ్లలో అడ్డం పడుతోంది. నా గుండె తేలికైంది. ఇక ఎవరు కాదనగలరు అనుకున్నాను.

చైర్మన్ చుట్టూ చూసి తల ఆడించాడు. "పండగ కదా. చుట్టుపక్కల నుంచి చుట్టాలంతా వచ్చినట్టున్నారు. సొంతూరి అమ్మవారి కోసం ఎక్కడెక్కడి వాళ్లో రావడం మామూలే. వీళ్లంతా ఇక్కడే ఉంటారని ఏమిటి నమ్మకం?"

నేను తాళాలు చూసి ఊరు లేదనుకున్నాను, ఈయన జనాన్ని చూసి ఊరు లేదంటున్నాడు. అంత నిండుగా ఉన్న వీధిలో నిలబడి కూడా.

యాదమ్మ బోనం దించి ముందుకు వచ్చింది. "చుట్టాలు గాదు సార్. జెర లోపటికి రా, సూపెడత," అని తన ఇంట్లోకి తీసుకెళ్లింది. దండెం మీద ఉతికిన కంపెనీ కోటు. మూలకు బియ్యం డబ్బా. గోడలేని వైపు నల్ల ప్లాస్టిక్ కవరు, దానికి అడుగున బరువుకు పెట్టిన రాళ్లు. మంచం మీద బాలమ్మ, కళ్లు చికిలించి, "ఎవరు బిడ్డా?" అంటోంది. ఆయన ఇంకో నాలుగు ఇళ్లు చూశాడు. ముఖంలో కొంచెం మార్పు వచ్చింది, కానీ బయటికి వచ్చి ఫైలు తెరిచాడు.

"ఇళ్లున్నాయి, సామాన్లున్నాయి, సరే. కానీ మీ నోట్‌లో ట్రేసింగ్ పొరపాటు అని ఉంది. ట్రేసింగ్‌ది పొరపాటైతే సర్వే రిపోర్టులో నివాసం ఉందని ఉండాలి కదా. రిపోర్టులో లేదనే ఉంది. ట్రేసర్ రిపోర్టు ప్రకారమే రంగు వేశాడు. అంటే పొరపాటేమీ లేనట్టే. సంతకం పెట్టిన సర్వేను పక్కన పెట్టి, ఒక పండగను చూసి నేను రంగు మార్చలేను."

మంచి అధికారి, ఫైలు పూర్తిగా చదివాడు. మా చిన్న అబద్ధం ఊరి మెడకే చుట్టుకుంది. రంగనాథరావు గారు దగ్గారు. సలీం భాయ్ ఒక అడుగు ముందుకు వేసి, "సాబ్, గలతీ నాదే," అని మొదలుపెట్టాడు. యాదమ్మ నావైపు చూస్తోంది. కోపంగా కాదు. ఇప్పుడు నువ్వేమంటావో చూద్దామన్నట్టు చూస్తోంది.

"గలతీ ఆయనది కాదు సార్," అన్నాను. "సర్వే చేసింది నేను. ఈ ఊళ్లో అరగంట కూడా లేను. ఆ రోజు వీళ్లంతా వనవాసానికి వెళ్లారు. దారిలో వీళ్లే నాకు అన్నం పెట్టారు. ఎవరని అడగకుండా తిని, ఊళ్లో ఎవరూ లేరని రాసి సంతకం పెట్టాను. ట్రేసింగ్ పొరపాటన్న నోట్ కూడా అబద్ధం. దాని మీదా నా సంతకమే ఉంది."

డప్పు కొడుతున్నతను ఆపేశాడు. చైర్మన్ చేతిలో ఫైలు మూశాడు.

"ఇది కాగితం మీద రాసిస్తారా?"

"ఇప్పుడే రాస్తా సార్."

యాదమ్మ వాళ్ల అరుగుమీద కూర్చుని రాశాను. కాగితం ఎగిరిపోకుండా బాలమ్మ తన కర్రను దానిమీద అడ్డం పెట్టింది. రాసి ఇచ్చాక, చాలా కాలంగా నెత్తిమీద మోస్తున్న గంప దించినట్టయింది. సలీం భాయ్ నా దగ్గరికి వచ్చి, "అచ్ఛా కియే మేడం," అని ఒక్క మాటన్నాడు. ఆ మాట విని ఏడుపొచ్చింది, బోనాల దగ్గరి సాంబ్రాణి పొగ అని సర్దుకున్నాను.

ఆ తర్వాత నాకు వచ్చిన మెమోలు, రంగనాథరావు గారు ఆరు నెలలు నా పెన్సిళ్లు చెక్కకపోవడం, ఇవన్నీ ఆఫీసు సంగతులు. వదిలేద్దాం. రిటైరయ్యాక ఆయనే ఒకసారి ఫోన్ చేసి, "ఆ రోజు నువ్వు చేసిందే రైటు, నాకు ధైర్యం చాలలేదు," అన్నాడు. పెద్దమనిషి.

కొత్తగా చేరేవాళ్లకు

నువ్వడిగిన దానికి ఇప్పుడు చెప్తాను తల్లీ. ఒక ఊరికి ఒక్కసారి వెళ్లి రిపోర్టు రాయకు. మూడుసార్లు వెళ్లు, మూడు వేర్వేరు వేళల్లో. తెల్లవారే పాలు పోసే చోటికి, షిఫ్టు మారేటప్పుడు కంపెనీ బస్సు ఆగే చోటికి, సాయంత్రం నల్లా దగ్గరికి. అక్కడ ఊరు తనంతట తానే లెక్క చెప్తుంది. పండగనాడో, చావునాడో చూసినదాన్నే ఊరని నమ్మకు. ఎవరైనా అన్నం పెడితే తిను, కానీ ఏ ఊరివాళ్లని అడిగి తిను. తాళం కనబడితే తాళం అని రాయి, మనుషులు లేరని రాయకు. రెండింటికీ చాలా తేడా ఉంది. తప్పు చేస్తావు, అందరం చేస్తాం. దాన్ని పక్కవాడి పెన్సిలు మీదికి తోయకు. తోస్తే అది ఎక్కడ తిరిగి ఎవరి ఇంటిమీద పడుతుందో నీకు తెలియదు.

సుస్థిర అభివృద్ధి అన్న మాట ఇప్పుడు నేను ఎక్కడైనా చదివితే నాకు గోడ బదులు కట్టిన ఆ నల్లకవరు గుర్తొస్తుంది. దాని వెనక బతికేవాళ్లు వచ్చే ఏడు కూడా అక్కడే, గోడ వెనక, భయం లేకుండా ఉండగలిగితే ఆ ప్రణాళిక మంచిది. లేకపోతే ఎన్ని పేజీలున్నా దండగ.

ఆ తనిఖీ జరిగిన రెండు నెలలకు ప్రణాళిక ఖాయమై వచ్చింది. నల్లబండగూడకు పసుపురంగు పడింది. నకలు ఒకటి నేనే తీసుకెళ్లి యాదమ్మ ఇంటిముందు పరిచాను. చుట్టూ జనం మూగారు. అంత పెద్ద కాగితంలో పటాన్‌చెరు ఉంది, సంగారెడ్డి ఉంది, రోడ్లున్నాయి, కంపెనీలున్నాయి. నల్లబండగూడ కందిగింజంత ఉంది. యాదమ్మ మోకాళ్లమీద వంగి చాలాసేపు వెతికి, దాని మీద వేలు పెట్టింది.

బాలమ్మకు ఆ కాగితం మీద ఏమీ కనబడదు. కోడలి భుజం పట్టుకుని అడిగింది. "ఏమాయెనే? మనం ఉన్నమా గా కాయితంల?"

"ఉన్నం."

"ఎంతగున్నం?"

"చిన్నగనే ఉన్నం గని, ఉన్నం అత్తా," అని యాదమ్మ లేచి, పునాది తవ్వేవాళ్లకు గడ్డపార అందించింది.